పాత కార్లకు తలుపు, డిక్కీ బీడింగ్: లక్సెట్టిపేట వాతావరణంలో

కారు తలుపుకూ దాని చట్రానికీ నడుమ, డిక్కీ మూతకూ దాని అంచుకూ నడుమ ఉండే సందును మూసే రబ్బరు పట్టీని మెకానిక్కులు బీడింగ్ అంటారు. వాన నీరు, దుమ్ము, గాలి హోరు, సైలెన్సర్ పొగ లోపలికి రాకుండా ఆపడం దాని ప్రధానమైన పని. తలుపు వేసినప్పుడు ఇనుముకు ఇనుము కొట్టుకోకుండా చూడడం, గతుకుల మీద తలుపు గడగడలాడకుండా పట్టి ఉంచడం కూడా దాని వంతే. కొత్త కారులో ఈ పట్టీ ఉందన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. యాభై ఏళ్లు నిండిన కారులో మాత్రం అది ఎండి, పగిలి, ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతుంది. యజమాని దుకాణానికి వెళ్లి మీటరు లెక్కన కొత్త పట్టీ తెచ్చి అంటిస్తాడు, మొదటి పెద్ద వానకే కాళ్ల కింద తడి కనిపిస్తుంది. అప్పుడు తప్పు రబ్బరు మీదికి పోతుంది. నిజానికి పాత కారుకు బీడింగ్ వేయడంలో రబ్బరు పని ఆఖరిది. తలుపు తన స్థానంలో సరిగా కూర్చున్నాక, నీరు బయటికి పోయే దారులు తెరుచుకున్నాక వేసిన పట్టీయే నిలుస్తుంది. ఎండ, దుబ్బ, వాన మూడూ గట్టిగా ఉండే లక్సెట్టిపేట వంటి చోట ఈ క్రమం తప్పితే ఆ సంగతి ఎక్కువ కాలం దాగదు.

చరిత్ర

మోటారు కారు పుట్టిన తొలి రోజుల్లో ఈ సమస్యే లేదు, ఎందుకంటే మూయడానికి గది లేదు. 1919లో అమెరికాలో తయారైన కార్లలో పదింట తొమ్మిది వరకు పైకప్పు స్థిరంగా లేని ఓపెన్ బాడీవే. పదేళ్లు తిరిగేసరికి ఆ నిష్పత్తి తలకిందులైంది. చెక్క చట్రం మీద రేకు కప్పిన బాడీలకు మొదట ఉన్ని ఫెల్ట్, గుడ్డ చుట్టిన తాడు వాడారు. చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో గంధకంతో రబ్బరును వేడిచేసి గట్టిపరిచే పద్ధతి కనుక్కున్నాక రబ్బరుకు యంత్రాల్లో చోటు దొరికింది. అయితే సహజ రబ్బరు ఎండకు, ఓజోన్‌కు ఓర్చుకోలేదు. 1930ల మొదట్లో డూపాంట్ సంస్థ తెచ్చిన నియోప్రీన్ నూనెకు, ఎండకు కొంత తట్టుకుంది. 1960ల మొదట్లో మార్కెట్లోకి వచ్చిన ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు క్రమంగా కార్ల బీడింగ్‌కు ప్రధానమైన పదార్థమైంది. కాబట్టి 1950లు, 60ల కార్లలో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పట్టీలు చాలావరకు ఈనాటి పదార్థం కంటే తక్కువ ఆయుష్షు గలవే. వాటిని యథాతథంగా కాపాడుకోవాలన్న పట్టుదలకు ఈ చరిత్ర పెద్దగా మద్దతివ్వదు.

హైదరాబాద్‌లో వింటేజ్ కారంటే చౌమహల్లా ప్యాలెస్‌లోని నిజాం పసుపు రంగు రోల్స్ రాయిస్ గుర్తొస్తుంది. గోదావరి ఒడ్డున ఉన్న పట్టణాల్లో ఆ మాటకు అందుబాటులో ఉన్న అర్థం అంబాసిడర్, ఫియట్. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ తెచ్చిన అంబాసిడర్ 1950ల చివర ఉత్తరపాడా కర్మాగారంలో మొదలై 2014 మే వరకు తయారైంది. బొంబాయిలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ ఫియట్ 1100 నమూనాను 1970ల నుంచి పద్మిని పేరుతో అమ్మింది. కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో మోటారు వాహనాల నిబంధనలను సవరించి, తొలి నమోదు నాటి నుంచి యాభై ఏళ్లు దాటిన, వాణిజ్యానికి వాడని రెండు, నాలుగు చక్రాల బండ్లను వింటేజ్ వాహనాలుగా గుర్తించింది. వాటికి రాష్ట్ర కోడ్ తర్వాత వీఏ అక్షరాలు ఉన్న ప్రత్యేక నంబరు, పదేళ్ల నమోదు, కొత్త నమోదుకు 20,000 రూపాయల రుసుము నిర్ణయించింది. చట్రం, బాడీ, ఇంజన్ అసలు రూపంలోనే ఉండాలన్నది అందులో ముఖ్యమైన షరతు. 1970ల మొదట్లో నమోదైన అంబాసిడర్ మార్క్ 2 బండ్లు ఇప్పుడు ఈ కోవలోకి వచ్చాయి. బాడీని అసలు రూపంలో నిలపాలంటే తుప్పును ఆపాలి. తుప్పును ఆపడంలో చౌకైన, అయినా ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యే భాగం బీడింగ్.

ప్రాంతం, వాతావరణం

లక్సెట్టిపేట 2016 అక్టోబరు 11న ఏర్పడిన మంచిర్యాల జిల్లాలో ఉంది. అంతకుముందు ఆదిలాబాద్ జిల్లాలో భాగం. గోదావరికి ఉత్తర ఒడ్డున ఉన్న ఈ పట్టణాన్ని రాయపట్నం వంతెన ధర్మపురి వైపు, అంటే పాత కరీంనగర్ జిల్లాతో కలుపుతుంది. తూర్పున మంచిర్యాల, శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి వరకు సింగరేణి బొగ్గు ప్రాంతం. జైపూర్‌లో సింగరేణి థర్మల్ విద్యుత్ కేంద్రం, నది అవతల రామగుండంలో ఎన్టీపీసీ కేంద్రం ఉన్నాయి. ఈ నేపథ్యం బీడింగ్‌కు మూడు పరీక్షలు పెడుతుంది. మొదటిది వేడి. ఈ ప్రాంతంలో మే నెల పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు, ఎండలో నిలిపిన కారు రేకు అంతకంటే చాలా ఎక్కువ కాగుతుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్యల వేగం దాదాపు రెట్టింపవుతుందన్న లెక్క రబ్బరు ముసలితనానికీ వర్తిస్తుంది. రెండోది దుమ్ము. బొగ్గు, బూడిద, సిమెంటు, మట్టి రోడ్ల దుబ్బ సన్నని సందు దొరికితే చాలు, చొరబడతాయి. మూడోది వాన. ఏడాది వర్షంలో అధిక భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే కురుస్తుంది. ఎండాకాలంలో గట్టిపడి సందు విడిచిన పట్టీ మీదికి వెనువెంటనే వాన రావడమే ఇక్కడి అసలు చిక్కు.

ఈ మూడు పరీక్షలకూ తోడు ఎవరూ లెక్కలోకి తీసుకోని నాలుగోది ఒకటుంది. రబ్బరు ఉక్కు కంటే పదింతలకు పైగా వ్యాకోచిస్తుంది. అంబాసిడర్ తలుపు చుట్టూ పట్టడానికి సుమారు నాలుగు మీటర్ల పట్టీ కావాలనుకుంటే, ముప్పై డిగ్రీల ఉష్ణోగ్రత తేడాకు ఆ పట్టీ పొడవు స్వేచ్ఛగా ఉన్నప్పుడు రెండు సెంటీమీటర్ల దాకా మారుతుంది. మే మధ్యాహ్నం 45 డిగ్రీల్లో కచ్చితంగా కొలిచి కోసి, గట్టిగా లాగి అంటించిన పట్టీ జనవరి తెల్లవారుజామున 12 డిగ్రీలకు వచ్చేసరికి ముడుచుకోవాలని చూస్తుంది. దానికి దారి అతుకు దగ్గర, మూలల దగ్గర దొరుకుతుంది. అతుకు విచ్చుకుంటుంది, మూలల్లో పట్టీ రేకును వదిలి లోపలికి వంగుతుంది. మరుసటి వానకాలంలో కారే నీరు ఆ రెండు చోట్ల నుంచే వస్తుంది. వానలకు ముందు మే నెలలో బీడింగ్ వేయించుకోవడం అలవాటుగా మారింది గానీ, ఈ లెక్క చూస్తే ఆ అలవాటు తప్పు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు రేకు పొడిగా, మితమైన వేడిలో ఉంటుంది. జిగురు నిదానంగా పడుతుంది, పట్టీకి తలుపు ఒత్తిడికి అలవాటు పడే వ్యవధి దొరుకుతుంది.

నీరు పోయే దారి

కారు తలుపు లోపలి భాగం పొడిగా ఉండాలన్నది చాలామంది ఊహ. అది నిజం కాదు. కిటికీ అద్దం మీద పడిన నీటిలో కొంత అద్దం అడుగు ఫెల్ట్ పట్టీని దాటి తలుపు కడుపులోకి దిగుతుంది. తయారీదారు దీన్ని ముందే లెక్కలో పెట్టుకుని తలుపు అడుగు అంచున చిన్న రంధ్రాలు లేదా సందులు వదులుతాడు. లోపలి ట్రిమ్ అట్టకు వెనుక ప్లాస్టిక్ కాగితం అంటించి, ఆ నీరు సీట్ల వైపు రాకుండా చూస్తాడు. యాభై ఏళ్లలో ఈ రంధ్రాలు మట్టితో, పెయింటుతో, అండర్‌కోటుతో మూసుకుపోతాయి. ప్లాస్టిక్ కాగితం ఏదో ఒక రిపేరులో చిరిగి, మళ్లీ ఎవరూ వేయరు. అప్పుడు తలుపు నీళ్ల తొట్టిగా మారి, అడుగు రేకు లోపలి నుంచి చిలుము పట్టి రాలుతుంది. ఆ నీరు ట్రిమ్ అట్ట అడుగు నుంచి లోపలికి కారితే యజమాని బీడింగ్‌ను తిడతాడు. ఎంత మంచి పట్టీ వేసినా ఈ నీటిని అది ఆపలేదు, ఎందుకంటే ఈ నీరు పట్టీని దాటి రాలేదు. పైగా అడుగున దళసరి పట్టీ వేసి ఆ రంధ్రాలను మూస్తే రోగం ముదురుతుంది.

డిక్కీలో ఇదే సూత్రం మరో రూపంలో ఉంటుంది. మూత చుట్టూ ఉన్న గాడి వాన నీటిని పట్టుకుని పక్కల గుండా కిందికి దింపుతుంది. బీడింగ్ ఆ గాడికి లోపలి వైపు నిలబడి, గాడి దాటి ఎగిరొచ్చే చుక్కలను మాత్రం ఆపాలి. గాడి ఆకులతో, పుట్టీతో నిండితే పట్టీ చెరువు కట్టలా నీటిని మోయాల్సి వస్తుంది, అది దాని శక్తికి మించిన పని. డిక్కీలో తడికి వేరే కారణాలు కూడా ఉంటాయి. వెనుక అద్దం రబ్బరు, టెయిల్ లైట్ల కింది వాషర్లు, నంబరు ప్లేటు లైటు రంధ్రం, రేకులు కలిసిన చోట ఎండి పగిలిన సీలెంటు, వీటిలో ఏదైనా కావచ్చు. స్టెప్నీ కింద నీరు నిలిచిందంటే ముందు వీటిని విడివిడిగా పరీక్షించాలి. డిక్కీ పట్టీకి మరో బాధ్యత ఉంది. నడుస్తున్న కారు వెనుక గాలి పీడనం తగ్గుతుంది. ఆ చోట దుమ్ము, సైలెన్సర్ పొగ సుడి తిరుగుతాయి. డిక్కీ మూత సందు విడిచి ఉంటే అవి లోపలికి చొరబడి వెనుక సీటు దాకా వస్తాయి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. అందుకే డిక్కీ బీడింగ్‌ను సామాను తడవకుండా చూసే పట్టీగా మాత్రమే చూడడం ప్రమాదకరం.

రబ్బరు ఎంపిక

దుకాణంలో దొరికే పట్టీలు ప్రధానంగా మూడు రకాలు. లోపల ఇనుప క్లిప్పులతో రేకు అంచును పట్టుకునే పట్టీ ఒకటి. దానికి పక్కన బోలు గొట్టం లాంటి మెత్తని భాగం ఉంటుంది. జిగురుతో అంటించే స్పాంజి పట్టీ రెండోది. ఇనుప గాడిలో దూర్చే గట్టి రబ్బరు మూడోది. పాత పట్టీ ఏ రకమో, ఎటు వైపు తిరిగి ఉందో తీయకముందే చూసి, ఒక ముక్క దాచుకోవాలి. పదార్థంలో తేడా ఆకారం కంటే ముఖ్యం. చౌక పీవీసీ పట్టీ కొత్తలో మెత్తగానే ఉంటుంది, వేడికి దానిలోని మెత్తబరిచే ద్రవం ఆవిరై కొయ్యలా బిగుసుకుంటుంది. సహజ రబ్బరు సాగి ఉన్న చోట ఓజోన్ తగిలి అడ్డంగా చీలుతుంది. ఈపీడీఎం అణువుల గొలుసు ఓజోన్ దాడికి లొంగదు, వేడికి ఎక్కువ కాలం ఓర్చుకుంటుంది. దాని బలహీనత ఖనిజ నూనె, పెట్రోలు, డీజిల్. వాటికి అది ఉబ్బి మెత్తబడుతుంది. కాబట్టి ఈ ప్రాంతంలో తలుపులకు, డిక్కీకి ఈపీడీఎం స్పాంజి తగినది. ఆయిల్ చిందే ఇంజన్ గది దగ్గర నియోప్రీన్ మేలు.

మందం నిర్ణయించడంలోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. తలుపు పూర్తిగా మూసినప్పుడు బోలు పట్టీ తన ఎత్తులో మూడో వంతుకు తగ్గకుండా, సగానికి మించకుండా నొక్కుకోవాలన్నది పనికొచ్చే కొలత. సందు 8 మి.మీ. అయితే 12 మి.మీ. పట్టీ సరిపోతుంది. అయితే పాత కారులో సందు అన్ని చోట్లా ఒకేలా ఉండదు. కబ్జాల పిన్నులు, బుష్షులు అరిగి తలుపు కిందికి వాలితే కబ్జాల వైపు 5 మి.మీ., లాకు వైపు 11 మి.మీ. సందు రావచ్చు. అదే 12 మి.మీ. పట్టీ ఒక వైపు 7 మి.మీ. నలిగి తలుపును బయటికి తోస్తుంది, మరో వైపు 1 మి.మీ. మాత్రమే తగిలి నీటిని వదిలేస్తుంది. రెండింటికీ కుదిరే పట్టీ ఏ దుకాణంలోనూ దొరకదు. తలుపు సరిచేయకుండా రబ్బరు ఎంచుకోవడం ఎందుకు వృథానో ఈ అంకెలే చెబుతాయి.

అమర్చే క్రమం

మొదట తలుపు కొంచెం తెరిచి వెనుక అంచును చేత్తో పైకి ఎత్తాలి. అది కదిలితే పిన్నులు, బుష్షులు మార్చాలి. తర్వాత కబ్జాల బోల్టులు, లాకు స్ట్రైకర్ సర్దుతూ, పట్టీ లేకుండానే తలుపు చుట్టూ గీత సమంగా వచ్చేలా చూడాలి. ప్రమాదంలో నలిగి, లప్పం నింపి సాపు చేసిన బాడీ అయితే టింకరింగ్ ఇక్కడే పూర్తి కావాలి. పాత జిగురును తగిన ద్రావకంతో మెత్తబరిచి తీసి, తుప్పును ఇనుము కనిపించేదాకా గీకి, ప్రైమర్, పెయింట్ వేసి పూర్తిగా ఆరనివ్వాలి. తడి పెయింటు మీద అంటించిన పట్టీ తనతోపాటు పెయింటునూ లేపుతుంది. అడుగు రంధ్రాలను సన్నని తీగతో తెరిచి, నీళ్లు పోసి బయటికి వస్తున్నాయో లేదో చూడాలి. ప్లాస్టిక్ కాగితాన్ని కొత్తగా వేయాలి. ఆ తర్వాత చట్రం మీద అక్కడక్కడ పిల్లల ఆట మట్టి ముద్దలు పెట్టి, మీద పల్చని ప్లాస్టిక్ కప్పి, తలుపు మెల్లగా మూసి తెరవాలి. నలిగిన ముద్దల మందమే అసలు సందు. అది అన్ని చోట్లా దాదాపు ఒకటిగా వచ్చాకే పట్టీ కొనాలి.

పట్టీని ముందు జిగురు లేకుండా చుట్టూ కూర్చోబెట్టి చూడాలి. అతుకు తలుపుకు అయితే అడుగు అంచు మధ్యలో, డిక్కీకి అయితే ఏదో ఒక నేరు అంచున రావాలి గానీ మూలల్లో రాకూడదు. పట్టీని ఎక్కడా లాగకూడదు. మూలల దగ్గర కొంచెం లోపలికి నెట్టి, మొత్తం మీద కొన్ని మిల్లీమీటర్లు ఎక్కువ ఉంచి కోయాలి. లాగిన పట్టీ తర్వాత ముడుచుకుంటుంది, సాగి ఉన్న చోటే ముందుగా చీలుతుంది. బోలు పట్టీకి గాలి పోయే చిన్న రంధ్రాలు లేకపోతే తలుపు మూసేటప్పుడు గాలిబుడగలా ఎదురు తంతుంది. వాటిని లోపలి వైపు వచ్చేలా చూసుకోవాలి. సొల్యూషన్‌ను (రబ్బరు జిగురును) రేకుకూ పట్టీకీ పల్చగా రాసి, చేతికి అంటీ అంటనట్టు అయ్యాక అదిమి పెట్టాలి. ఎండలో కాగిన రేకు మీద అది పైపైన ఆరిపోయి పట్టు ఇవ్వదు కాబట్టి ఈ పని నీడలో, ఉదయం పూట చేయాలి. ఒక రోజంతా తలుపు మూసి ఉంచాక పరీక్ష మొదలుపెట్టాలి. సన్నని కాగితం ముక్కను అంచున పెట్టి తలుపు మూసి లాగితే అన్ని చోట్లా ఒకే బిగువు తెలియాలి. పట్టీకి సుద్దపొడి రాసి మూస్తే రేకు మీద గీత తెగకుండా పడాలి. ఆఖరున నీళ్ల పైపుతో కింది నుంచి పైకి, ఒక్కో అంచును విడిగా తడపాలి. మొదటే పైనుంచి పోస్తే నీరు ఎక్కడ చొరబడిందో చెప్పలేం.

అభ్యంతరాలు

ఇంత శ్రమ అక్కర్లేదని, కాస్త దళసరి పట్టీ వేస్తే సందు దానంతటదే నిండుతుందని కొందరి వాదన. మొదటి వారం ఆ వాదనే గెలిచినట్టు కనిపిస్తుంది. కానీ తలుపు మూయడానికి బలంగా విసరాల్సి వస్తుంది. ఆ దెబ్బలు లాకు మీద, అప్పటికే అరిగిన కబ్జాల మీద, వాటిని మోసే స్తంభం రేకు మీద పడతాయి. తలుపు ఇంకా వాలుతుంది, సందు ఇంకా పెరుగుతుంది. సిలికాన్ పేస్టుతో సందులు పూడ్చడం మరో అడ్డదారి. అది తెరిచి మూసే అంచున నిలవదు, తీసేశాక మిగిలే పొర మీద పెయింటు పట్టదు. ఈ కార్లు కొత్తలోనూ కారేవని, కాబట్టి కారడం అసలుదనంలో భాగమేనని వాదించేవారూ ఉన్నారు. కొత్తలో కొంత కారిన మాట నిజమే కావచ్చు. అప్పటి రేకుకు తుప్పును భరించే మందం, మార్చుకోవడానికి విడిభాగాలు ఉండేవి. ఇప్పుడు పోయిన ఫ్లోరు రేకును కత్తిరించి మరొకటి అతకాలి, అది అసలు బాడీకి చేసే పెద్ద గాయం. 2021 నిబంధన కాపాడమన్నది చట్రాన్ని, బాడీని, ఇంజన్‌ను. అరిగిపోయే రబ్బరును మెరుగైన పదార్థంతో మార్చడం ఆ మూడింటి ఆయుష్షు పెంచే పనే.

బాగా బిగుసుకున్న కారులో తేమ చిక్కుకుని లోపలి నుంచే తుప్పు పుడుతుందన్న అభ్యంతరం వీటిలో గట్టిది. వానకాలంలో తడి కార్పెట్‌తో అద్దాలు బిగించి నెలల తరబడి నిలిపిన కారుకు అది అక్షరాలా వర్తిస్తుంది. అయితే దానికి జవాబు సందులు వదలడం కాదు. సందు గుండా వచ్చే తేమకు వేళాపాళా ఉండదు. పొడి రోజు చూసి తలుపులు, డిక్కీ తెరిచి ఆరబెట్టడం, కార్పెట్ కింది జూట్ తడిస్తే బయట ఎండలో వేయడం, అడుగు రంధ్రాలను తెరిచి ఉంచడం యజమాని చేతిలోని పనులు. అలాగే బీడింగ్ హద్దు కూడా తెలుసుకోవాలి. 2022 జులైలో కడెం ప్రాజెక్టుకు భారీ వరద వచ్చినప్పుడు గోదావరి ఉప్పొంగి మంచిర్యాలలో లోతట్టు కాలనీలు మునిగాయి. అలాంటి నిలువ నీటిని ఏ పట్టీ ఆపలేదు. ఫ్లోరు రంధ్రాలు, తలుపు అడుగు దారుల గుండా నీరు ఎలాగూ వస్తుంది. వరద హెచ్చరిక ఉన్నప్పుడు కారును ఎత్తైన చోటికి చేర్చడమే మార్గం.

సంరక్షణ

వేసిన పట్టీని కాపాడే పద్ధతి సులభమైనదే. ఎండాకాలంలో తడి గుడ్డతో అప్పుడప్పుడు దుబ్బ తుడవాలి, ఎందుకంటే సన్నని బొగ్గు పొడి, బూడిద ఇసుక కాగితంలా పట్టీనీ పెయింటునూ అరగదీస్తాయి. వేసవికి ముందు, వానలకు ముందు సిలికాన్ గ్రీజు పల్చగా రాయాలి. మెరుపు కోసం బండిని డీజిల్‌తో, కిరోసిన్‌తో తుడిచే అలవాటు ఈపీడీఎంకు విషం, ఇంజన్ ఆయిల్ కూడా అంతే. కారును నీడలో పెట్టడం అన్ని మందుల కంటే ఎక్కువ పని చేస్తుంది. గ్యారేజీలో బీడింగ్ కోసం బండి ఇచ్చేటప్పుడు యజమాని పట్టీ ధర కంటే ముందు మూడు ప్రశ్నలు అడగాలి: తలుపు వాలిందా, అడుగు రంధ్రాలు తెరిచి ఉన్నాయా, సందు ఎంత? ఈ మూడింటికీ జవాబు దొరక్కముందు డబ్బా విప్పిన రబ్బరు, ఎంత ఖరీదైనదైనా, డబ్బు దండగే.